లెక్కపెట్టొద్దన్న మా టీచర్

మా డ్యాన్స్ టీచర్ పోయిన కబురు ఫ్యాక్టరీలో లంచ్ టైమ్‌లో తెలిసింది. కెనడాలోని గ్వెల్ఫ్‌లో కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో నేను క్వాలిటీ చెకింగ్ చేస్తాను. గ్లవ్స్ తీసి, టిఫిన్ డబ్బా మైక్రోవేవ్‌లో పెట్టి ఫోన్ చూసుకుంటే పాస్కాల్ దగ్గర నుంచి మెసేజ్. పాస్కాల్ ఆవిడ మరిది, క్లాసులో డ్రమ్ము వాయించే ఆయన. "పొద్దున పోయింది. పెద్దగా బాధపడలేదు. శనివారం రా" అని రాశాడు. మైక్రోవేవ్ కూత పెట్టి ఆగిపోయింది. వెనక నిలబడ్డ మనిషి తన వంతు కోసం గొంతు సవరించుకునేదాకా నేను అక్కడే ఉండిపోయాను.

సాయంత్రానికి క్లాసు వాళ్ల గ్రూపు నిండా పువ్వులు, ఎర్ర గుండెలు, దేవదూతలు. ఆవిడ అమ్మలాంటిదట. ఎప్పుడూ నవ్వుతూ ఉండేదట. చెయ్యి పట్టుకుంటే ప్రాణం లేచొచ్చేదట. చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోగా నేను చూడలేదు, తప్పుగా ఉంటే వంచి సరిచేయడానికి తప్ప. నవ్వగా చూసింది బహు తక్కువ. మా టీచర్ మంచి మనిషి అని నేను రాయలేను. ఆవిడకి నేనంటే పడేది కాదు, నాకు ఆవిడంటే పడేది కాదు. అయినా ఇవాళ నేను నేల మీద నిటారుగా నడుస్తున్నానంటే అది ఆవిడ వల్లే. ఈ రెండూ నిజమే కనుక రెండూ రాస్తాను.

సార్నియాలో కాలేజీకి ఇండియా నుంచి విద్యార్థులు తండోపతండాలుగా దిగుతున్న ఏళ్లవి. నేను సూర్యాపేట నుంచి అలాగే దిగాను. సార్నియా చిన్న ఊరు, నది పక్కన పెట్రోకెమికల్ ప్లాంట్లు, బస్సులు అరకొర. కారు లేకపోతే కాళ్లు లేనట్టే. ఊరికి మేమంటే గిట్టేది కాదు. బస్సులో చోటు లేకపోతే మేమే కారణం. కాఫీ షాపులో ఉద్యోగం రాకపోతే మేమే కారణం. అద్దెలు పెరిగినా మేమే. మా చేత అంత అద్దె కట్టించుకునేవాడిని మాత్రం ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

కాలేజీకి దగ్గర్లో ఒక పాత ఇల్లు. ఓనర్ దాన్ని ప్లైవుడ్‌తో గదులు గదులుగా విడగొట్టి మాకు ఇచ్చాడు. ఒకప్పటి హాల్లో సగం నాకు, గుంటూరు అమ్మాయి స్రవంతికి వచ్చింది. పెరట్లోకి వెళ్లి చూసిన మొదటి రోజు మాకు మతి పోయింది. కంచె వారగా బారుగా గోంగూర. ఎర్ర కాడలు, పుల్లటి ఆకు, అనుమానమే లేదు. ఎవరు వేశారో, ఎందుకు వేశారో మేం అడగలేదు. ఆ నెలంతా పప్పు, పచ్చడి, మళ్లీ పప్పు. చివరికి కాడలే మిగిలాయి.

ఒక మధ్యాహ్నం పొడవాటి నల్లజాతి ఆవిడ, తలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో కత్తెర, గుడ్డ సంచి పట్టుకుని నేరుగా పెరట్లోకి వచ్చింది. తలుపు తట్టలేదు. కాడల ముందు నిలబడి వంటింటి కిటికీ వైపు చూసింది. నేను బయటికి వెళ్లాను. వెనకే స్రవంతి.

"ఎవరు కోశారు?" అని అడిగింది. ఆవిడ ఇంగ్లీషులో ఫ్రెంచి కలిసేది. నేను తెలుగులో రాస్తున్నాను కానీ ఆ గొంతులోని కారం పూర్తిగా రాదు.

"మేమే కోశాం. ఇది మా పెరడు" అన్నాను.

"మీ పెరడా? ఈ విత్తనాలు నావి. ఈ ఇంట్లో నా పిల్లలు పెరిగారు. మీలాంటి వాళ్లని గదికిద్దర్ని పెట్టుకోవచ్చని ఓనర్ నన్ను ఖాళీ చేయించాడు. మొక్కల్ని తీసుకెళ్లడానికి అప్పుడు టైమ్ లేకపోయింది."

స్రవంతి నా చెవిలో, "పిచ్చిదేమోనే. తలుపేసెయ్, పోలీసులకి ఫోన్ చేద్దాం" అంది.

"మాకు తెలియదండీ. సారీ" అన్నాను ఆవిడతో.

"నీ సారీతో కూరొండుకోనా?" అంది.

వంగి, ఒక్క ఆకు కూడా లేని ఆ కాడలన్నిటినీ వేళ్లతో సహా పీకి సంచిలో కుక్కుకుంది. వాటితో చేసేదేమీ లేదు. మాకు చిగురు కూడా దక్కకూడదు, అంతే. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. ఇదీ మా మొదటి పరిచయం.

తర్వాత నాకు కమ్యూనిటీ హాల్లో పార్ట్‌టైమ్ పని దొరికింది. కుర్చీలు వేయడం, తీయడం, నేల తుడవడం. మొదటి శనివారం తలుపు తీసి పెడితే లోపలికి వచ్చింది ఆవిడే. వెనక పాస్కాల్ డ్రమ్ములు మోసుకొచ్చాడు. ఊళ్లో ఆవిడ పశ్చిమ ఆఫ్రికా డ్యాన్స్ నేర్పుతుందని అప్పుడే తెలిసింది. వారమంతా డ్రైక్లీనింగ్ షాపులో బట్టలు రిపేరు కుట్టేది, శనివారం ఇక్కడ. గినీలో చిన్నప్పుడే నాట్య బృందంలో చేరి దేశాలు తిరిగిందట. మొగుడికి ఇక్కడి ప్లాంట్‌లో ఉద్యోగం వస్తే సార్నియాకి వచ్చింది. ఆయన పోయినా ఊరు వదల్లేదు.

నన్ను గుర్తుపట్టింది. "ఆకు దొంగ" అని పాస్కాల్‌తో అంది, నాకు వినపడేలా.

నేను ఊళ్లో పదో తరగతి దాకా కూచిపూడి నేర్చుకున్నదాన్ని. ఇంటర్‌లో మార్కులు పోతాయని మా నాన్న మాన్పించాడు. మాన్పించినా వేళ్లు మానలేదు. ఎక్కడ దరువు వినపడినా తొడ మీద తాళం వేసుకుంటాయి. ఆ రోజు గోడకి ఆనుకుని, ఒక చేత్తో మాప్ పట్టుకుని, రెండో చేత్తో తాళం వేస్తున్నాను. ఆవిడ చెయ్యెత్తింది. డ్రమ్ములు ఆగిపోయాయి. క్లాసంతా నా వైపు తిరిగింది.

"ఆ చెయ్యి ఏం చేస్తోంది?"

"తాళం మేడం. నేను డ్యాన్స్ నేర్చుకున్నాను. మీ డ్రమ్ముల్లో లెక్క పట్టుకుందామని."

"దొరికిందా?"

"లేదు."

"దొరకదు. లెక్కపెట్టేవాళ్లకి వినపడదు. ఇక నేల తుడుచుకో."

ఆ మాట నన్ను వారమంతా తినేసింది. ఏళ్ల తరబడి గజ్జె కట్టినదాన్ని, నాకు లయ తెలియదంటుందా? పై శనివారం షిఫ్టు మార్పించుకుని, ఉత్త కాళ్లతో వరుసలో నిలబడ్డాను. నేర్చుకోవడానికి కాదు, చూపించడానికి. ఆవిడ నన్ను వరుసలోంచి బయటికి లాగి పాస్కాల్ పక్కన పెద్ద డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టింది. "దీని చెక్క మీద చెయ్యి పెట్టి కూర్చో. లేవమన్నప్పుడు లేవచ్చు" అంది. ఆ రోజు లేవమనలేదు. ఆ తర్వాత చాలా శనివారాలు లేవమనలేదు.

అక్కడ కూర్చుంటే కొంచెం కొంచెంగా తెలిసింది. పెద్ద డ్రమ్ము నడుస్తుంటుంది. చిన్నవి దాని మీద మాట్లాడుతుంటాయి. జెంబే అనే ఇంకోటి, చేత్తో వాయించేది, ఊరికే కబుర్లాడుతున్నట్టే ఉండి ఉన్నట్టుండి పిలుస్తుంది. దాన్ని వాళ్లు బ్రేక్ అంటారు. ఆ పిలుపు రాగానే అందరి కాళ్లూ ఒక్కసారి అడుగు మార్చాలి. అది ఇన్ని ఆవర్తాల తర్వాత వస్తుందని ఏమీ ఉండదు. వాయించేవాడికి ఎప్పుడు అనిపిస్తే అప్పుడే. ఇలాంటిది నేనెక్కడా వినలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఎప్పుడు వస్తుందో ముందే ఎలా తెలుస్తుంది మేడం?"

"ముందే ఎందుకు తెలియాలి?"

"రెడీగా ఉండాలి కదా."

"నువ్వు రెడీగా లేవు, భయపడుతూ ఉన్నావు. ఆ రెండూ ఒకటే అనుకుంటున్నావు."

నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఎందుకంటే అప్పటికి నేను ఆ ఊళ్లో బతుకుతున్న తీరే అది. ఎవరు ఎప్పుడు ఏమంటారో అని ముందే ఒళ్లు బిగించుకుని తిరిగేదాన్ని. బస్‌లో కిటికీకి అతుక్కుపోయి కూర్చునేదాన్ని. కొట్లో నా వెనక ఎవరైనా నిలబడితే సామాన్లు గబగబా సంచిలో వేసుకునేదాన్ని. ఆవిడకి ఇవేవీ నేను చెప్పలేదు. నా వీపు చెప్పి ఉంటుంది.

చివరికి లేవమన్నప్పుడు ఇంకో గొడవ మొదలైంది. కూచిపూడిలో వెన్ను నిలువుగా ఉండాలి. ఇక్కడ మోకాళ్లు వంచి, నడుము వంచి, ఛాతీ నేల వైపు పెట్టి ఆడాలి. నేను వంగితే మెడ కూడా వాలిపోయేది. ఆవిడ చూపుడువేలితో నా గడ్డం పైకెత్తేది, మెత్తగా కాదు. "నడుము వంచమన్నాను. తల దించమనలేదు. నీకు తేడా తెలియడం లేదు" అనేది. ఇంకోసారి, నేను ఒళ్లు మండి గట్టిగా అడుగులేస్తుంటే, "నేలని తన్నకు. అదేం చేసింది నిన్ను? దాంతో మాట్లాడు" అంది. మెచ్చుకోలు అనేది ఆవిడ నోట నేను వినలేదు. తప్పు పట్టకుండా పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయిందంటే అదే మెచ్చుకోలు అని మేం సర్దిచెప్పుకునేవాళ్లం.

ఇంట్లోనూ సుఖం లేదు. స్రవంతి నా క్లాసుని చూసి ముక్కు విరిచేది. "కూచిపూడి నేర్చుకున్నదానివి, పోయిపోయి ఆ నల్లోళ్ల దగ్గర గంతులేంటే? ఫోటోలు గీటోలు పెట్టకు, ఊళ్లో మనోళ్లు చూస్తే నవ్వుతారు" అంది ఒకరోజు.

"బయట నిన్ను చూసి తెల్లోళ్లు నవ్వుతున్నరు గదా, అది మంచిగున్నదా?" అన్నాను.

"మనమూ ఆ నల్లోళ్లూ ఒకటా?"

అదే గదిలో, మంచానికి మంచం ఆనుకుని, చాలా రోజులు మాట్లాడుకోకుండా ఉన్నాం.

ఆ చలికాలంలోనే ఒకరోజు బస్టాపులో నిలబడి ఉంటే, పికప్ ట్రక్కు ఒకటి నెమ్మదించింది. కిటికీలోంచి కోల్డ్ కాఫీ నిండుగా ఉన్న కప్పు వచ్చి నా భుజానికి తగిలి పగిలింది. లోపల నవ్వులు. నా వయసు వాళ్లే. బస్సు వచ్చింది, ఎక్కాను, ఎవరూ ఏమీ అడగలేదు. కోటు మీద మరక గడ్డకట్టింది. ఆ శనివారం క్లాసులో ఆవిడ నా చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమైంది?"

చెప్పాను. దగ్గరికి తీసుకుంటుందేమోనని ఎక్కడో చిన్న ఆశ. లేదని ఎలా అంటాను.

"ఎడమ భుజానికి కదా తగిలింది?" అంది.

"అవును."

"అది పైకి లేచిపోయి ఉంది. దించు. రేపు ఇంకోటి విసురుతారు, అప్పుడు కుడిది లేస్తుంది. అలా లేపుకుంటూ పోతే చెవుల దాకా వస్తాయి. దించు."

దించాను. డ్రమ్ములు మొదలయ్యాయి. అంతే, ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. ఆవిడ మీద వచ్చిన కోపంలో ఆ ట్రక్కు వాళ్ల మీద కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. భుజం మాత్రం కిందే ఉంది.

అదే రోజు బస్సులు ఆగిపోయేంత మంచు. పాస్కాల్ కారు డ్రమ్ములతో నిండిపోయింది. ఆవిడ తన కారు తలుపు తీసి, "ఎక్కు" అంది. దారి అడగలేదు. అడగక్కర్లేదు కదా. ఇంటి ముందు ఆపి ఇంజిన్ ఆపకుండా కూర్చుంది. లోపలికి రమ్మన్నాను, మర్యాదకి. తల అడ్డంగా ఊపింది. కిటికీ వైపే చూస్తోంది.

"నీ మంచం ఎక్కడ?"

"ఆ కిటికీ పక్కనే మేడం."

"అక్కడ నేల చెక్క ఒకటి చప్పుడు చేస్తుంది."

"అవును. రాత్రి లేస్తే దాని మీదే కాలు పడుతుంది."

"నా కూతుళ్లకి అడుగులు నేర్పింది అక్కడే. దాని మీద కాలు పెట్టకుండా ఆడాలని పందెం పెట్టేదాన్ని." నా వైపు తిరిగి, "ఆకు ఎలా ఒండుకున్నారు?" అంది.

"పప్పులో వేశాం. పచ్చడి చేశాం."

"పప్పులోనా" అని మొహం చిట్లించి, "దిగు, మంచు పెరుగుతోంది" అంది. ఆవిడ నాతో మామూలుగా మాట్లాడింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

ఆ చలికాలం ఆఖర్లో ఒక శనివారం, కూకూ ఆడుతున్నాం. ఆవిడ పుట్టిన అడవి ప్రాంతపు ఆట అది, చేపలు పట్టి వచ్చిన ఆడవాళ్లు ఆడేదట. కిటికీ బయట మంచు కరిగి కారుతోంది. జెంబే పిలిచింది. నా కాళ్లు అడుగు మార్చాయి. మార్చాక నాకు తెలిసింది. వేళ్లు ఊరికే ఉన్నాయి, తాళం వేయడం లేదు. ఎప్పుడు మానేశాయో కూడా తెలియదు. ఇంతకాలం నేను డ్రమ్ముని వెంటాడుతున్నాననుకున్నాను, అది నా కాళ్ల కిందే ఉంది. పాస్కాల్ నన్ను చూసి పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. ఆవిడ ఆయన మీద విరుచుకుపడింది. "దానికేసి ఏం చూస్తావు? నీ డ్రమ్ము చూసుకో" అంది. నన్ను ఏమీ అనలేదు. పక్క అమ్మాయి దగ్గరికి వెళ్లిపోయింది.

ఎండాకాలంలో నది ఒడ్డు పార్కులో ఊరి పండగ. మా క్లాసుకి కాసేపు టైమ్ ఇచ్చారు. గడ్డి మీద మడత కుర్చీలు వేసుకుని జనం, నదికి అవతల అమెరికా. ఆట బాగా నడుస్తోంది. కూకూలో చివర ఒక్కొక్కరూ ముందుకు వచ్చి ఆడతారు, డ్రమ్ము వాళ్ల కాళ్లని చూసి పలుకుతుంది. నా వంతు వస్తుండగా, ముందు వరుసలో బీరు చేతిలో పెట్టుకున్న ఒకడు నన్ను చూసి గట్టిగా అరిచాడు. "కాలేజీ అయిపోయింది కదా, ఇంకా ఇంటికి పోలేదే?" కొంతమంది నవ్వారు. కొంతమంది వినపడనట్టు ఫోన్లు చూసుకున్నారు.

నేను ముందుకు వెళ్లాను. ఎలా ఆడానో నాకు సరిగ్గా గుర్తులేదు. వాడి మొహం గుర్తుంది. వాడి కాళ్ల ముందుదాకా వెళ్లి, గడ్డి ఊడిపోయేలా తొక్కాను. పాస్కాల్ అందుకోవడానికి అవస్థపడ్డాడు. జనం చప్పట్లు మారుమోగాయి. వాడు బీరు కిందపెట్టి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. గెలిచాననుకున్నాను.

డ్రమ్ములు తెచ్చిన వ్యాన్ వెనక ఆవిడ నా కోసం నిలబడి ఉంది.

"అది డ్యాన్స్ కాదు" అంది.

"వాడేమన్నాడో మీరు విన్నారా మేడం?"

"విన్నాను. నువ్వు పుట్టక ముందు నుంచీ వింటున్నాను."

"అయితే నోరు మూసుకుని ఊరుకోవాలా?"

"పాస్కాల్ ఒకటి వాయించాడు. వాడొకటి అరిచాడు. నువ్వు దేనికి ఆడావు?"

నేను కాళ్లకంటిన గడ్డి దులుపుకున్నాను.

"వాడు వాయిస్తే ఆడేదానికి నా క్లాసెందుకు?"

అప్పుడు నాకు నిజంగా తిక్క రేగింది. అందరి ముందూ ఊరంతా వినేలా తిట్టినవాడిని వదిలేసి నన్నంటుంది. "మేమంటే మీకు మొదటి నుంచీ పడదు. ఇల్లు పోయిన కోపం నా మీద తీర్చుకుంటున్నారు" అన్నాను.

ఆవిడ కాదంటుందనుకున్నాను. అనలేదు. "అవును, ఆ కోపం ఉంది. దాన్ని ఇంట్లో పెట్టి క్లాసుకి వస్తాను. నువ్వు నీది నెత్తిన పెట్టుకుని తెచ్చావు" అంది.

ఆట కోసం నా తలకి కట్టుకున్న గుడ్డ విప్పి వ్యాన్‌లో పడేసి నడుచుకుంటూ వచ్చేశాను. ఎండలో చాలా దూరం. మళ్లీ క్లాసుకి వెళ్లలేదు. హాల్లో పని కూడా మానేసి గోడౌన్‌లో చేరాను.

ఆవిడన్నది మొత్తం ఒప్పని నేను ఇప్పటికీ అనను. ఒక్కోసారి గడ్డి పీకేలా తొక్కాలి. వాడు కుర్చీ వెనక్కి జరుపుకోవడం తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు సంతోషమే. కానీ ఆకులు రాలే రోజుల్లో ఒక సాయంత్రం, గోడౌన్ నుంచి బస్టాపుకి నడుస్తున్నాను. వెనక ఎవరో ఏదో అన్నారు. ఏమన్నారో కూడా సరిగ్గా వినపడలేదు. నా కాళ్లు మాత్రం జోరందుకున్నాయి. అప్పుడు తెలిసింది, ఈ నడక నాది కాదు. అన్నవాడెవడో వెనక ఉండి నన్ను నడిపిస్తున్నాడు. ఆగాను. నిలబడ్డాను. లోపల పెద్ద డ్రమ్ము ఎక్కడుందో వెతుక్కున్నాను. అది నెమ్మదిగా నడుస్తోంది. దాంతో పాటు మళ్లీ నడిచాను. వెనకవాళ్లు నన్ను దాటుకుని వెళ్లిపోయారు, నా వైపు చూడను కూడా చూడలేదు.

ఆ శనివారం హాలుకి వెళ్తే క్లాసు అక్కడ లేదు. చప్పుడు ఎక్కువైందని ఎవరో కంప్లయింట్ ఇచ్చారట. మేనేజర్ వాళ్లని కింద బేస్‌మెంట్‌లోకి, మడతపెట్టిన బల్లల మధ్యకి తోసేశాడు. చేతులెత్తితే సీలింగ్ తగులుతోంది. మెట్లు దిగుతుంటే ఆవిడ పాస్కాల్‌తో అంటోంది, "ఇంకా గట్టిగా వాయించు. పైవాళ్ల కప్పులు కదలాలి" అని. తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. ఎక్కడికి పోయావని అడగలేదు. ఎందుకొచ్చావనీ అడగలేదు.

"వెనక వరుస" అంది.

వెనక వరుస అంటే కొత్తవాళ్లది. వెళ్లి నిలబడ్డాను. గ్వెల్ఫ్‌లో ఉద్యోగం వచ్చి ఊరు వదిలేదాకా నన్ను ముందుకి రమ్మనలేదు. నేనూ అడగలేదు.

పోయిన ఏడాది జబ్బు చేసిందని పాస్కాల్ ఫోన్ చేస్తే, ఎవరి కార్లోనో రైడ్ పట్టుకుని సార్నియా వెళ్లాను. ఆస్పత్రి మంచం మీద చిక్కిపోయి, తలకి మాత్రం గుడ్డ బిగించి కట్టుకుని ఉంది. పెద్ద కూతురు మాంట్రియల్ నుంచి వచ్చి పక్కన కూర్చుని ఉంది. నేను ఆరెంజ్ పళ్లు టేబుల్ మీద పెట్టబోతుంటే, "కూర్చోకు. ఆ తలుపు దాకా నడిచి రా" అంది. కళ్లు మూసుకుంది. బూట్లు విప్పి నడిచాను. మళ్లీ నడవమంది.

"రోజంతా నిలబడి పని చేస్తున్నావా?"

"అవును మేడం, ఫ్యాక్టరీలో."

"బరువంతా కుడి మడమ మీద వేస్తున్నావు. మోకాలు పోతుంది. మార్చుకో." కళ్లు తెరవకుండానే, "ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు?" అంది.

"ఎవరూ లేరు మేడం. స్టూడెంట్లకి వీసాలు తగ్గించేశారు కదా. కాలేజీ సగం ఖాళీ. అద్దెకివ్వబడును అని బోర్డు పెట్టి ఉంది, వస్తూ చూశాను."

ఆవిడ పొట్ట కదిలింది. నవ్వుతోందని అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది. "నన్ను పంపించాడు, నిన్ను పంపించాడు, ఇప్పుడు దెయ్యాలకి ఇస్తాడా" అంది. కూతురు కూడా నవ్వింది, ఏడుస్తూ. నేను లేచేటప్పుడు మెచ్చుకోలేదు, దీవించలేదు. "మడమ" అని మాత్రం మళ్లీ గుర్తుచేసింది.

శనివారం సంతాప సభ అదే హాల్లో పెట్టారు, బేస్‌మెంట్‌లో కాదు, పైన. మేనేజర్ మైకు పట్టుకుని ఆవిడ ఈ ఊరి గుండె చప్పుడు అన్నాడు. అందరినీ కలుపుకుపోయే మనిషి అన్నాడు. ఆవిడ క్లాసుని ఇదే హాల్లోంచి బేస్‌మెంట్‌లోకి ఎవరు దింపేశారో ఆ మైకులో చెప్పమని నోటిదాకా వచ్చింది. పక్కన కూర్చున్న పాస్కాల్ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. ఊరుకున్నాను. అది మర్యాద కోసం కాదు, ఆయన బాధ చూసి.

శ్మశానంలో సన్నగా వాన, నది మీద నుంచి కోసేసే గాలి. ఫాదర్ ప్రార్థన ముగించాడు. పెట్టెని కిందికి దించే ముందు ఒక్క కూకూ వాయించాలని ఆవిడ ముందే చెప్పిందట. పాస్కాల్ జెంబేని సమాధి దాకా తడుస్తూనే మోసుకొచ్చాడు. పట్టీ భుజానికి వేసుకుని ఒక్క దెబ్బ వేశాడు. తడి అట్ట మీద కొట్టినట్టు చప్పగా పలికింది. వానకి తోలు సాగిపోయింది. ఇంకో దెబ్బ వేశాడు, అంతే. అక్కడి పనివాళ్లు వాచీలు చూసుకుంటున్నారు. ఎవరో, పోనీలే, ఫోన్‌లో ఏదైనా పెడదాం అన్నారు. ఆవిడ కూతురు తల తిప్పి చూసిన చూపుకి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

పాస్కాల్ డ్రమ్ము తీసుకుని కారు దగ్గరికి నడిచాడు. ముందు సీట్లో కూర్చుని ఇంజిన్ ఆన్ చేసి, హీటర్ పూర్తిగా తిప్పి, జెంబే మొహాన్ని ఆ వేడిగాలికి ఆనించి పట్టుకున్నాడు. తలుపు తెరిచే ఉంది. మేం ఆడవాళ్లం వాన కోట్లలో, బురద బూట్లలో వెళ్లి ఆ తలుపు చుట్టూ నిలబడ్డాం. కాసేపయ్యాక ఆయన వేలితో తోలు మీద ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇంకా బిగియలేదు" అని మళ్లీ హీటర్‌కి ఆనించాడు. మేకతోలు వేడెక్కుతున్న వాసన బయటికి వస్తోంది. వాన పడుతూనే ఉంది. ఎవరూ కదల్లేదు.